పగటి నిద్ర

కోడలి మీద అత్తగారికి ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆ పిల్ల నిద్రపోతుంది.

వంట రాదని కాదు, వచ్చు. మాట పెళుసని కాదు. ఆ ఇంట్లో పెళుసు మాట అత్తగారిదే, ఆ సంగతి ఆవిడకీ తెలుసు. పెద్దలంటే లెక్క లేదనీ కాదు. నిద్రపోతుంది, అంతే. అదీ లోకమంతా లేచి మొహాలు కడుక్కుని టీలు తాగి పనుల్లోకి పోయాక, వీధిలో కూరల బండివాడు గొంతు చించుకునే వేళ, ఎండ కిటికీ దాటి మంచం దాకా వచ్చి పలకరించే వేళ, ముసుగు తన్ని నిద్రపోతుంది. "మా ఇంటికి ఇద్దరు సూర్యులండీ," అని అత్తగారు పక్కవాటా ఆవిడతో అంటూండేది. "ఒకాయన అందరిళ్ళలోలాగే పొద్దున వస్తాడు. రెండో ఆయన సాయంత్రం మా కోడలి గదిలోంచి జుట్టు ముడేసుకుంటూ వస్తాడు."

కోడలు గాజుసీసాల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. అక్కడి కొలిమిని ఒకసారి వెలిగిస్తే ఏళ్ళ తరబడి ఆర్పరట. ఆర్పితే లోపలి గాజు గడ్డకట్టుకుపోయి కొలిమే పనికిరాకుండా పోతుందట. కొలిమి పడుకోదు కాబట్టి మనుషులు వంతులేసుకుని మేలుకుంటారు. కోడలి పని చూడడం. తెల్లగా వెలిగే పలక ముందు కూర్చుంటే సీసాలు బారులు తీరి కళ్ళ ముందునుంచి పోతూంటాయి. బుడగ ఉన్నది, సన్నటి గీత పడ్డది, మూతి వంకరపోయినది వేలితో పక్కకి నెట్టెయ్యాలి. ఆ అలవాటు ఆమెతోపాటు ఇంటికి కూడా వచ్చేది. మంచినీళ్ళ గ్లాసు ఇస్తే తాగేముందు ఒక్కసారి వెలుతురుకేసి ఎత్తి చూసేది.

"ఏమీ కలపలేదమ్మాయ్, తాగు," అనేది అత్తగారు.

కోడలు నవ్వేది. నవ్వితే ఆ పిల్ల మొహం ఇంకా నిద్ర తీరనట్టు ఉండేది.

పెళ్ళయి మూడేళ్ళు దాటాక కడుపు పండింది. అంతకుముందు నెలలు ఎప్పుడు తప్పుతాయో, ఎప్పుడు వస్తాయో ఆమె ఒంటికే తెలిసేది కాదు. కడుపుతో ఉందని తెలిసిన నాటినుంచి అత్తగారు కోడలి నిద్రని తన చేతుల్లోకి తీసుకుంది. కడుపుతో ఉన్న మనిషి ఖాళీ కడుపుతో పడుకోకూడదన్నది ఆవిడ శాస్త్రం. రాత్రంతా పనిచేసి వచ్చి పొద్దున్నే పడుకునే పిల్లని మొదట పాలకి లేపేది. ఇంకాసేపటికి పండు కోసి తెచ్చి లేపేది. ఆ తర్వాత అన్నానికి. అరవడం, కేకలెయ్యడం ఆవిడ పద్ధతి కాదు. చేతిలో గ్లాసుతో మోచేత్తో తలుపు తోసి, మంచం చివర నిలబడి, దుప్పట్లోంచి బయటికి వచ్చిన కాలి బొటనవేలు పట్టుకుని మెల్లగా లాగేది, అంతే. కోడలు కళ్ళు తెరవకుండానే లేచి కూర్చుని, కళ్ళు తెరవకుండానే తాగి, కళ్ళు తెరవకుండానే ఒరిగిపోయేది.

"నిద్రలో కూడా తాగించగలను," అని అత్తగారు గర్వపడేది.

కిటికీకి కోడలు ఒక గుడ్డ కట్టుకుంది. ఫ్యాక్టరీ యూనిఫారం కుట్టగా మిగిలిన మందపాటి నీలం బట్ట. నాలుగు మూలలా ఉచ్చులు కుట్టి, మేకులకి తగిలించి, గదిని మిట్టమధ్యాహ్నం కూడా మసక చేసేది. అత్తగారికి అది నచ్చలేదు. కడుపులో బిడ్డకి వెలుతురు తగలొద్దూ? ఒకరోజు కోడలు స్నానానికి వెళ్ళినప్పుడు దాన్ని దించేసింది. గుడ్డ మంచిది, పారెయ్యడానికి మనసొప్పలేదు. ఇస్త్రీ బల్ల మీద పరిచింది. కోడలు వచ్చి కిటికీకేసి చూసింది, ఇస్త్రీ బల్లకేసి చూసింది. చీర కొంగు కళ్ళ మీద వేసుకుని పడుకుంది.

నాలుగో నెలలో బిడ్డ పోయింది.

ఆస్పత్రినుంచి వచ్చిన దగ్గర్నుంచీ కోడలికి నిద్ర పట్టడం లేదు. రాత్రీ లేదు, పగలూ లేదు. అత్తగారు ఎప్పుడు గదిలోకి వెళ్ళినా గోడకేసి తిరిగి కళ్ళు తెరుచుకుని ఉండేది. ఒకసారి అలవాటు కొద్దీ పాల గ్లాసుతో వెళ్ళి బొటనవేలు పట్టుకోబోయి, ఆ కళ్ళు తననే చూస్తూండడం చూసి, అత్తగారు చెయ్యి వెనక్కి తీసుకుంది. గ్లాసు బల్ల మీద పెట్టి, ఏం చెయ్యాలో తెలియక దుప్పటి అంచు సర్దింది. తనకి మిగిలిన ఒక్క ఫిర్యాదూ పోయింది. అది పోయాక ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని ఆవిడ అనుకోలేదు.

మళ్ళీ ఒకసారి చూపించుకోడానికి రమ్మన్నారు. కొడుకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, ఎక్కడో మనుషులు మధ్యలో చిక్కుకుపోయారని ఫోనొచ్చి పరిగెత్తాడు. అత్తగారే తోడు వెళ్ళింది.

డాక్టరమ్మ బల్ల మీద టీ చల్లారిపోయి మీగడ కట్టి ఉంది. ఆవిడ కోడల్ని పరీక్ష చేసి, చేతులు కడుక్కుని, తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. ఒంట్లో అంతా సర్దుకుంటోందని చెప్పింది. ఆ తర్వాత కాయితాలకేసి చూడకుండా కోడలికేసి చూసి అడిగింది.

"రాత్రి షిఫ్టులు ఎన్నాళ్ళనుంచి?"

"ముందు మారుతూండేవండి. ఒక వారం పొద్దున, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం రాత్రి. ఈమధ్య రాత్రులే."

"మరి పగలు నిద్ర?"

"పడుకుంటానండి."

"ఏకబిగిన పడుకుంటావా? మధ్యలో లేస్తావా? ఇంట్లో పని, చప్పుళ్ళు, ఎవరైనా లేపడం?"

అత్తగారు ఈ ప్రశ్న కోసమే ఎదురు చూస్తున్నట్టు ముందుకు జరిగింది. ఒళ్ళో పళ్ళ సంచి పెట్టుకుని కూర్చున్న ఆవిడకి, ఇన్నాళ్ళూ తను పడ్డ శ్రమ చెప్పుకునే చోటు ఇదేననిపించింది. నేనే దగ్గరుండి లేపి తినిపించేదాన్నండీ, ఒక్క పూట తప్పనివ్వలేదండీ అనడానికి నోరు తెరిచింది.

"లేదండి," అంది కోడలు, చూపుడువేలి గోరు చూసుకుంటూ. "మా ఇంట్లో నన్నెవరూ లేపరు."

అత్తగారి నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది. అబద్ధం అంత నున్నగా, ఒక్క గీత కూడా లేకుండా వచ్చింది.

డాక్టరమ్మ తల ఊపి, చల్లారిన టీ గ్లాసు పక్కకి జరిపింది. "చూడమ్మా. మన ఒంట్లో గడియారం ఉంటుంది. గోడకి ఉన్నట్టు ఒక్కటి కాదు. మెదడులో పెద్దది, మిగతా అవయవాల్లో తలా ఒకటి. గర్భసంచికీ ఉంటుంది. వెలుతురు, చీకటి, తిండి, నిద్ర, వీటిని చూసుకుని అవి ఒకదానితో ఒకటి సరిచూసుకుంటూంటాయి. అండం విడుదలవ్వాలన్నా మెదడు ఒక వేళ చూసుకుని కబురు పంపాలి. వారవారం వేళలు మారితే ఆ కబుర్లు తారుమారవుతాయి. అందుకే నీకు నెలలు సరిగా రాలేదేమో. కడుపు నిలిచాక కూడా అంతే. రాత్రి వెలుతుర్లో మెలకువ, పగలు ముక్కలు ముక్కలుగా నిద్ర అయితే ఒంటికి ఎప్పుడు రాత్రో తెలీదు."

"అయితే దానివల్లేనా అండీ?" అని అడిగింది అత్తగారు. ఆ గొంతు తనది కాదనిపించింది ఆవిడకి.

"అలా చెప్పలేనండీ. చాలాసార్లు లోపం బిడ్డలోనే ఉంటుంది, ఎవరూ ఏమీ చెయ్యలేరు. రాత్రి పని చేసేవాళ్ళలో ఇలాంటివి కాస్త ఎక్కువ, అంతవరకే తెలుసు. ఈ పిల్ల విషయంలో ఇదే కారణమని నేనే కాదు, ఏ డాక్టరూ చెప్పలేరు. కానీ ఈసారికి మాత్రం పగటి షిఫ్టు వేయించుకోండి. రాత్రి నిద్ర రాత్రి పొమ్మనండి. తప్పక పగలు పడుకోవాల్సొస్తే గది చీకటి చెయ్యండి. ఎంత మంచికైనా సరే, లేపకండి."

ఆ చివరి మాట చెప్పేటప్పుడు ఆవిడ ఎవరికేసీ ప్రత్యేకంగా చూడలేదు. అత్తగారికి మాత్రం పళ్ళ సంచి ఒక్కసారిగా బరువెక్కినట్టు అనిపించింది.

ఇద్దరూ ఆటోలో ఇంటికి బయల్దేరారు. వీధి మొదట్లో గుంతలో పడి ఆటో ఎగిరినప్పుడు కోడలు చెయ్యి అత్తగారి మోకాలిమీద పడింది. "సారీ అత్తయ్యా," అని తీసేసుకుంది. అత్తగారు ఆ చెయ్యిని మళ్ళీ పట్టుకోవాలనుకుంటూండగానే ఇల్లొచ్చేసింది.

సాయంత్రం కొడుకు గ్రీజు చేతులు కడుక్కుంటూ అన్నీ విన్నాడు. విని, సబ్బు కిందపెట్టకుండా నిలబడిపోయాడు. "ఫ్యాక్టరీవాళ్ళే చంపారమ్మా," అన్నాడు. "కడుపుతో ఉన్నదని తెలిసి కూడా రాత్రులే వేశారు. మనుషులేనా వాళ్ళు?"

అత్తగారికి గుండెల్లో ఇరుక్కున్న ముల్లు కాస్త కదిలినట్టయింది. నిజమే! అసలు రాత్రులు వేసిందెవరు? నిద్ర లేకుండా చేసిందెవరు? రాత్రి పని లేకపోతే పగటి నిద్ర ఎందుకు, పగటి నిద్ర లేకపోతే లేపడం ఎందుకు? ఆవిడ ఆ మాటని కొంగున ముడేసుకుని పడుకుంది. పొద్దున్నే లేచి, ఉతికిన చీర కట్టుకుని, ఎవరితోనూ చెప్పకుండా ఫ్యాక్టరీకి బయల్దేరింది. ఆవిడ కోపంగా ఎక్కడికైనా వెళ్ళాలంటే ఉతికిన చీరే కట్టుకుంటుంది.

ఫ్యాక్టరీ గేటు దగ్గరే వేడి మొహాన కొట్టింది. కాపలాదారు లోపలికి కబురు పంపితే షిఫ్టు ఇన్‌చార్జి బయటికి వచ్చింది. నడివయసు మనిషి, మెడలో చెవి మూతలు వేలాడుతున్నాయి. యంత్రాల హోరులో ఏళ్ళ తరబడి మాట్లాడి మాట్లాడి ఆవిడ గొంతుకి మెల్లగా అనే మెట్టే లేకుండా పోయింది. అక్కడందరూ ఆవిడ్ని మైకు అంటారని కోడలు ఒకసారి చెప్పి నవ్వింది.

"రండమ్మా, రండి! ఎలా ఉంది అమ్మాయి!" అంది మైకు. గేటు పక్క టీ తాగుతున్నవాళ్ళంతా ఇటు చూశారు.

పని వదిలి ఎక్కువసేపు బయట ఉండలేనంటూ మైకు ఆవిడ్ని లోపలికి తీసుకెళ్ళి అద్దాల గోడ ఇవతల ఒక బెంచీ మీద కూర్చోబెట్టింది. అద్దం అవతల ఎర్రగా నిప్పుకణికల్లాంటి సీసాలు అచ్చుల్లోంచి బయటపడి, ఒకదానివెనక ఒకటి ఒక పొడుగాటి ఇనప గూట్లోకి దూరిపోతున్నాయి. అవతలి చివర తెల్లగా, చల్లగా, ఏమీ జరగనట్టు బయటికి వస్తున్నాయి. ఆ పక్కనే తెల్లటి వెలుగు పలక ముందు ఒక కుర్చీ. అందులో ఇప్పుడు వేరే అమ్మాయి కూర్చుని సీసాలు చూస్తోంది.

"అదే మీ కోడలి కుర్చీ!" అంది మైకు. అత్తగారు ఎటు చూస్తోందో గమనించి, ఇనప గూడు కూడా చూపించింది. "అందులో మెల్లగా చల్లారుస్తామమ్మా. తొందరపెడితే సీసా పైకి బాగానే ఉంటుంది. ఎప్పుడో ఎవరి చేతిలోనో ఊరికే పగుల్తుంది."

అత్తగారు సీసాల సంగతి వినడానికి రాలేదు. దారి పొడుగునా కూడగట్టుకున్న మాటలన్నీ ఒక్కసారిగా వదిలింది. కడుపుతో ఉన్న పిల్లకి మళ్ళీ రాత్రులే వెయ్యడానికి మనసెలా ఒప్పిందంది. మీ ఇళ్ళలో ఆడవాళ్ళు లేరా అంది. డాక్టరమ్మ చెప్పిన గడియారాలన్నీ చెప్పింది, చెప్పనివి కూడా రెండు కలిపి చెప్పింది. మైకు మధ్యలో అడ్డం రాలేదు. అంతా అయ్యాక చెవి మూతలు మెడలోంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"మేం పగలే వేశాం కదమ్మా!"

"ఏంటీ?"

"తను వచ్చి చెప్పిన రోజే మార్చేశాం! కడుపుతో ఉన్నవాళ్ళకి రాత్రులు వెయ్యం. పొద్దుటి షిఫ్టు, అదీ ప్రసవం దాకా మార్పు లేకుండా. కొన్నాళ్ళు వచ్చింది కూడా. తర్వాత తనే వచ్చి, మళ్ళీ రాత్రులకి మార్చమంది! నేను వద్దని పోట్లాడాను. బతిమాలింది. రాసిచ్చింది కూడా, తన ఇష్టప్రకారమేనని!"

"ఎందుకు?" అంది అత్తగారు. ఆ ఒక్క మాటా చాలా మెల్లగా అంది. మైకు కూడా మెల్లగా చెబితే బాగుండుననుకుంది. మైకుకి అది చేతకాదు.

"పగలు ఇంట్లో మనిషి కావాలంది! కాలు విరిగిన మావగారిని వ్యాయామానికి ఆస్పత్రికి తీసుకెళ్ళాలట కదా! పగలు తను ఇంట్లో లేకపోతే అత్తగారికి కష్టమని!"

బెంచీ అవతలి చివర టీ తాగుతున్న ఒకామె గ్లాసు పట్టుకుని అటు తిరిగింది. అద్దం అవతల ఎర్రటి సీసాలు ఆగకుండా గూట్లోకి పోతున్నాయి.

అత్తగారు ఎవరితోనూ అలా అనలేదు. అనలేదని ఆవిడ ఎక్కడైనా ప్రమాణం చేసి చెప్పగలదు. కోడలు పొద్దుటి షిఫ్టుకి వెళ్ళిన ఆ కొన్నాళ్ళూ, మెట్ల మీద భర్తని ఒక్కతే పట్టుకుని దించలేక, ఆటో ఆపలేక, చెమటలు కక్కుతూ ఇంటికొచ్చి, వంటింట్లో గిన్నెలతో అంది. "పగలు ఇంట్లో ఒక మనిషి లేకపోతే ఈయన కాలు ఇక ఇంతే సంగతులు." గిన్నెలతో అంది, అంతే. కానీ గిన్నెలతో అనేటప్పుడు గదిలోకి వినపడేంత గొంతుతోనే అనడం ఆవిడకి ఏనాటినుంచో అలవాటు. ఆ తర్వాత వారమే కోడలు, "ఫ్యాక్టరీలో మళ్ళీ రాత్రులే వేశారు అత్తయ్యా," అంది. "పోనీలే, పగలు ఇంట్లోనే ఉంటావుగా," అంది తను. సంతోషంగానే అంది.

"అమ్మా, నీళ్ళు తాగుతారా!" అంది మైకు.

ఇల్లు చేరేసరికి కండక్టరుగారు మెట్ల మీద ఉన్నారు. ఆవిడ భర్త బస్సు కండక్టరుగా రిటైరై చాలా ఏళ్ళయినా వీధిలో అందరికీ ఇంకా కండక్టరుగారే. కిందటేడు జారిపడి కాలు విరిగినప్పటినుంచీ గోడా మనిషీ ఆసరా లేకుండా మెట్టు దిగింది లేదు. అలాంటిది ఇప్పుడు ఒక్కరే, కర్ర చంకలో ఇరికించుకుని, చెయ్యి ఎక్కడా ఆనించకుండా, చివరి మెట్టు దగ్గరికి వచ్చేశారు.

"రైట్ రైట్," అన్నారు నవ్వుతూ, నేల మీద కాలు పెట్టి. "చూశావా? బండి కండిషన్లోకొచ్చింది. ఆ పిల్ల చలవే. రోజూ తీసుకెళ్ళి తీసుకొచ్చి... నిద్రమొహంతోనే వచ్చేది పాపం. అక్కడ బెంచీ మీద గోడకి ఆనుకుని కునికేది. నేను లేపేవాణ్ణి, స్టేజీ వచ్చిందమ్మా దిగాలి అని..."

భార్య మొహం చూసి ఆయన మాట మధ్యలో ఆగిపోయింది. "ఎక్కడికెళ్ళావు?" అని అడిగారు.

ఆవిడ చెప్పింది. మెట్టు మీద కూర్చుని, చెప్పులు విప్పకుండానే, అంతా చెప్పింది. కండక్టరుగారు తన కాలికేసి చూసుకున్నారు. బలం వచ్చిన ఆ కాలిని ఎక్కడ దాచుకోవాలో తెలియనట్టు వెనక్కి జరిపారు. మళ్ళీ మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకున్నారు.

ఆ సాయంత్రం అత్తగారు ఇస్త్రీ బల్ల మీది నీలం గుడ్డ తీసింది. దులిపి ఎత్తి చూస్తే నడిమధ్యన ఇస్త్రీపెట్టె మచ్చ, గోధుమరంగులో, మొన దగ్గర బట్ట పూర్తిగా కాలి చిల్లుపడి ఉంది. ఆవిడే కాల్చింది, ఎప్పుడో. అప్పుడు పాత గుడ్డేగా అనుకుంది. ఇప్పుడు దీపం కింద కూర్చుని, అదే రంగు ముక్క దొరక్క, తన పాత జాకెట్టు చేతిలోంచి కత్తిరించిన నల్ల ముక్క అడ్డంపెట్టి కుట్టింది. దారం పళ్ళతో తెంపి, చిల్లు మిగిలిందేమోనని వెలుతురుకేసి ఎత్తి చూసింది. చూస్తూ చూస్తూ, ఇలా ఎత్తి చూసేది ఎవరో గుర్తొచ్చి, చేతులు దించేసింది.

కోడలు గదిలో గోడకేసి తిరిగి ఉంది. అత్తగారు స్టూలెక్కి గుడ్డ మేకులకి తగిలిస్తూంటే ఇటు తిరిగి చూసింది.

"ఎందుకత్తయ్యా? నేను డ్యూటీకి వెళ్ళడం లేదుగా."

"ఉండనీ," అంది అత్తగారు. ఇంకేదో అనాలనుకుంది. బదులు స్టూలు దిగి, గుడ్డ మూల ఇంకోసారి లాగి సరిచేసింది.

మర్నాడు పొద్దెక్కాక, కొడుకు పనికి వెళ్ళిపోయాక, అత్తగారు గది తలుపు సందులోంచి తొంగి చూసింది. కోడలు నిద్రపోతోంది. నోరు కొద్దిగా తెరుచుకుని, ఒక చెయ్యి మంచం మీంచి కిందికి వేలాడుతూ, చిన్నపిల్లలు పడుకున్నట్టు పడుకుంది. దుప్పట్లోంచి కాలి బొటనవేలు బయటికి వచ్చి ఉంది. అత్తగారు దాన్నలాగే చూసి, తలుపు చప్పుడు కాకుండా చేరవేసి, గడప పక్కన పీట వేసుకుని కూర్చుంది.

ఇల్లు ఇంత చప్పుడు చేస్తుందని ఆవిడకి ఆ రోజే తెలిసింది. కుక్కరు కూత పెట్టబోతుంటే పరిగెత్తి పొయ్యి ఆర్పేసింది. అన్నం సగమే ఉడికింది. కుళాయి చుక్కల కింద గుడ్డ పరిచింది. కూరల బండివాడు గొంతెత్తబోతే గుమ్మంలోకి వెళ్ళి రెండు చేతులూ జోడించింది. వాడు హడిలిపోయి బండి తోసుకుని వెళ్ళిపోయాడు. కండక్టరుగారు దగ్గొస్తే తువ్వాలు నోట్లో కుక్కుకున్నారు. వ్యాయామానికి టైమవుతోందని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

సరిగ్గా అప్పుడే అత్తగారి అక్క వచ్చింది. ఆవిడ ఎక్కడికి పరామర్శకి వెళ్ళినా గుమ్మంలోనే ఏడుపు మొదలెడుతుంది.

"అయ్యో చెల్లీ! ఎంత పనైపోయిందే...!"

"ష్!" చెల్లెలు ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. "మెల్లగా. పడుకుంది."

"ఇప్పుడా? ఈ వేళప్పుడు నిద్రేంటే, విడ్డూరం కాకపోతే! లేపు, చూసి పోతాను."

"లేపను."

"నువ్వేనా ఈ మాట అంటున్నది?" అక్క కళ్ళు తుడుచుకోవడం ఆపి చెల్లెలి మొహంలోకి చూసింది. "ఆ పిల్ల నిద్ర గురించి నువ్వు తిట్టని రోజుందా? నేనెప్పుడో చెప్పాను. ఒళ్ళు తెలీని నిద్రలు, వేళకి తిండి లేకపోవడం, అలాంటి ఒంట్లో బిడ్డ ఎలా నిలుస్తుందే? నీ సేవలో లోపం లేదు. కాలు కింద పెట్టనివ్వకుండా చూశావు. మంచం దగ్గరికే అన్నీ పట్టుకెళ్ళావు. అంత చేస్తే ఏం లాభం?"

అత్తగారు పీట మీద కూర్చుని కొంగు చివర వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది. కండక్టరుగారే గొంతు తగ్గించి, డాక్టరమ్మ చెప్పిన సంగతులు అటూ ఇటూగా చెప్పారు. రాత్రి పనీ, తెగిన నిద్రా, ఒంట్లో గడియారాలూ.

"దానివల్లేనని డాక్టరు చెప్పిందా?" అంది అక్క.

"అలా చెప్పలేమంది."

"మరింకేం! చదువుకున్న డాక్టరే చెప్పలేనన్నప్పుడు మీరెందుకు మొహాలు వేలాడేసుకుని కూర్చోవడం? రాత ఎలా ఉంటే అలా అవుతుంది. ఎవరి తప్పూ లేదు."

ఆ మాట హాయిగా ఉంది. అత్తగారు దాని కింద కాసేపు తలదాచుకుంది. ఎవరి తప్పూ లేదు. ఎవరూ నిరూపించలేరు. తను ఫ్యాక్టరీకి వెళ్ళి అసలు సంగతి తెలుసుకుందని కోడలికి తెలియాల్సిన పనిలేదు. డాక్టరు దగ్గర కోడలు ఆడిన అబద్ధం అలాగే ఉండిపోతుంది. అందులో తను మంచి అత్తగానే ఉంటుంది. నోరు మూసుకుంటే చాలు.

నీడలు గుమ్మం దాటాయి. అక్క సగం ఉడికిన అన్నం తిని, దాని మీద ఒక మాట అని, గోడకి చేరబడి తనూ ఒక కునుకు తీసింది. అత్తగారు పీట మీంచి కదలలేదు.

తలుపు ఒక్కసారిగా తెరుచుకుంది. కోడలు గుమ్మంలో నిలబడి ఉంది, జుట్టు చెదిరి, చెంప మీద దిండు ముడతలు పడి, కళ్ళ నిండా కంగారుతో.

"ఎంతసేపు పడుకున్నాను? అయ్యో, మావయ్య వ్యాయామం... గదంతా చీకటిగా ఉంటే తెలీనే లేదు. నన్ను లేపలేదేం అత్తయ్యా?"

ఎన్నో నెలల తర్వాత ఆ పిల్ల మొహంలో నిద్ర తీరిన మెరుపు కనిపించింది. ఒక్క క్షణమే. తర్వాత ఏం పోయిందో ఆమెకి గుర్తొచ్చింది. ఆ గుర్తు రావడం అత్తగారు కళ్ళారా చూసింది. ముందు కళ్ళలోకి, తర్వాత పెదాల దగ్గరికి, చివరికి తనకి తెలియకుండానే పొట్ట మీదికి వెళ్ళిన చేతిలోకి.

అత్తగారు పీట మీంచి లేవబోతే మోకాళ్ళు పట్టేశాయి. గుమ్మం పట్టుకుని లేచింది.

"నిన్న మీ ఫ్యాక్టరీకి వెళ్ళానమ్మాయ్."

కోడలు తల దించుకుంది. చూపుడువేలి గోరుకేసి చూసుకుంది. "మైకు చెప్పేసిందా?"

"అందరికీ వినపడేలా చెప్పింది."

"అత్తయ్యా, మీరేం అనుకోకండి. నాకై నేనే అడిగాను. మీరు నా మంచికే కదా, పాలూ పళ్ళూ..."

"వద్దు," అంది అత్తగారు. "డాక్టరు దగ్గర చెప్పావు, చాలు. నా కోసం ఇంకో అబద్ధం ఆడకు."

అక్క మెలకువ వచ్చి లేచి కూర్చుంది. "ఏంటే ఇప్పుడు? డాక్టరే చెప్పలేనంటే..."

"డాక్టరు చెప్పలేనిది డాక్టరు చెప్పక్కర్లేదక్కా. నేను చెప్పగలిగింది నేను చెప్పాలి." ఆవిడ అక్కకేసి తిరగలేదు. అద్దాల గోడ పక్కన మైకు మాట్లాడినట్టు, ఇంట్లో ఉన్న అందరికీ వినపడేటట్టు, ఈసారి గిన్నెలతో కాకుండా కోడలితోనే అంది. "పగటి పని దొరికితే నీ చేత వదిలించింది నేను. కిటికీకి గుడ్డ పీకేసింది నేను. నీకు కన్ను అంటుకున్నప్పుడల్లా వచ్చి వేలు పట్టి లాగింది నేను. తప్పు చేశానమ్మా. నిన్ను పడుకోనివ్వలేదు."